టవర్ లేపే ముందు దించే దారి చూసుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీకు కొత్తగా హ్యామ్ రేడియో లైసెన్సు, వీయూ3తో మొదలయ్యే కాల్ సైన్ (గాలిలో మీ గుర్తింపు పేరు) వచ్చింది. తిరుపతిలో 36 అంకణాల స్థలం, అంటే 30 అడుగుల వెడల్పు, 43 అడుగుల పొడవు. కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్, ఆపైన మిద్దె. వెల్డింగ్ షాపతను 40 అడుగుల లాటిస్ (ఇనప కడ్డీల అల్లిక) టవర్‌కి కొటేషన్ ఇచ్చాడు. దాని మీద 20 మీటర్ల తరంగాల బ్యాండుకి మూడు ఎలిమెంట్ల (అడ్డ కడ్డీల) యాగీ యాంటెన్నా, 40 మీటర్లకి డైపోల్ అనే రెండు రెక్కల తీగ యాంటెన్నా, 2 మీటర్లకి వర్టికల్ అనే చిన్న నిలువు కడ్డీ పెట్టాలనుకుంటున్నారు. ఇంటి ముందు రోడ్డు మీద 11 కేవీ కరెంటు లైను ఉంది. కోతులు వస్తాయి. పక్కింటాయన "దాని మీద పిడుగు పడితే మా ఇల్లేం కావాలి" అంటున్నాడు. టవర్ వేయించాలా వద్దా అని అడిగారు.

వద్దు. మీ ఇంటికి టవర్ అక్కర్లేదు, ఒక మంచి మాస్ట్, అంటే యాంటెన్నా మోసే పైపు స్తంభం, చాలు. ఎందుకో చెప్పే ముందు నాదొక ప్రశ్న. మీరు రాసిన పెద్ద వివరణలో యాంటెన్నా పైకి ఎట్లా ఎక్కిస్తారో ఉంది గానీ, కిందికి ఎట్లా దించుతారో ఎక్కడా లేదు. ముప్పై ఏళ్ళుగా ఇందులో ఉన్నాను, కొత్తవాళ్ళు రాసిన ప్లాన్లలో ఆ ముక్క దాదాపు ఎప్పుడూ కనిపించదు. నా మొదటి ప్లాన్‌లోనూ లేదు.

నా సంగతి వినండి. మా మిద్దె మీద రెండంగుళాల జీఐ పైపు నిలబెట్టి, మూడు స్టే వైర్లు (పక్కలకి లాగి పట్టే తీగలు) కట్టాను. రెండింటికి గట్టి ఆధారం దొరికింది. మూడోదానికి దొరక్క పిట్టగోడకే కన్ను బోల్టు వేశాను. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ అది. ఏళ్ళ తరబడి ఏమీ కాలేదు, ఏమీ కాలేదు కాబట్టి నేనూ చూడలేదు. 2021 నవంబర్‌లో ఊరంతా నీళ్ళలో మునిగిన ఆ వానలకి గోడ నాని, మూడు ఇటుకలతో సహా బోల్టు ఊడొచ్చింది. మాస్ట్ వెళ్ళి నీళ్ళ ట్యాంకు మీద వాలింది. దించుదామంటే తీగల్ని మరతో బిగించే టర్న్‌బకిళ్ళు తుప్పుపట్టి ఒక్క చుట్టు కూడా తిరగవు. బేస్ బోల్టులు అంతే. ఆ వానలో పైకెక్కి కోసే ధైర్యం ఎవరికుంది? తాళ్ళతో ట్యాంకు స్తంభానికి కట్టి రెండు రోజులు అట్లాగే ఉంచాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది మా అదృష్టం. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ గాలి వీచిందంటే ముందు మిద్దె వైపు, తర్వాత నా వైపు చూస్తుంది.

ఇక ఎత్తు సంగతి. 40 అడుగులు కావాలనే లెక్క మీరు నేల మీంచి వేశారు. మీ మిద్దె ఇప్పటికే నేల నుంచి దాదాపు 7 మీటర్ల ఎత్తులో ఉంది. దాని మీద ఆరున్నర మీటర్ల మాస్ట్ వేస్తే మొత్తం పదమూడున్నర మీటర్లు, అంటే 44 అడుగులు. వెల్డరు ఇస్తానన్న టవర్ని నేల మీద నిలబెట్టినా అంతకంటే తక్కువే వస్తుంది. అదే టవర్ని మిద్దె మీద పెడితే 60 అడుగులు దాటుతుంది గదా అంటారేమో. దాటుతుంది. దానివల్ల ఏమొస్తుందో లెక్క వేద్దాం.

అడ్డంగా ఉన్న యాంటెన్నా తన సిగ్నల్ని ఎంత వాలుగా పంపుతుందనేది అది నేలకి ఎన్ని తరంగదైర్ఘ్యాల ఎత్తులో ఉందో దాన్ని బట్టి ఉంటుంది. మీ 20 మీటర్ల బ్యాండులోని 14.2 మెగాహెర్ట్జ్‌కి తరంగదైర్ఘ్యం 21 మీటర్లు. యాంటెన్నా 10 మీటర్ల ఎత్తులో ఉంటే ఎక్కువ శక్తి 32 డిగ్రీల కోణంలో పోతుంది. పదమూడున్నరకి అది 23 డిగ్రీలకి దిగుతుంది. 18 మీటర్లకి 17 డిగ్రీలు. కోణం ఎంత తగ్గితే అంత దూరం. కాబట్టి ఎత్తు పెరిగితే లాభమే, కాదనను. కానీ మనం తిరుపతిలో ఉన్నాం. యూరప్ మనకి వాయవ్యం, అమెరికా ఇంచుమించు నేరుగా ఉత్తరం. ఆ రెండు వైపులా అడ్డంగా శేషాచలం నిలబడి ఉంది. కొండ అంచు మీ ఇంటికి 3 కిలోమీటర్ల దూరంలో, ఊరికంటే 700 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. ఆ వైపు 13 డిగ్రీల దాకా ఆకాశమే లేదు. మీరు 60 అడుగులకి ఎక్కి సంపాదించే ఆ కింది కోణాల్లో సగం కొండకే పోతాయి. ఆ డబ్బు మంచి కేబుల్‌కి పెట్టండి.

ఇక్కడ గాదంకి గుర్తొస్తుంది. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో జాతీయ వాతావరణ పరిశోధనశాల ఉంది చూడండి, పై గాలుల్ని గమనించే అక్కడి ఎంఎస్‌టీ రాడార్‌లో 1024 యాగీ యాంటెన్నాలు వరసలుగా నిలబడి ఉంటాయి. ఒక్కోదానికి మూడు ఎలిమెంట్ల జతలు, పనిచేసేది 53 మెగాహెర్ట్జ్‌లో. అంత పెద్ద ఏర్పాటుకి ఒక్క టవర్ కూడా లేదు, అన్నీ నేలకి దగ్గరగానే ఉన్నాయి. ఎందుకంటే అవి చూడాల్సింది నేరుగా పైకి. మీ 40 మీటర్ల డైపోల్ కూడా అట్లాంటిదే. మన ఎత్తులకి అది చాలావరకు పైకే కొడుతుంది. ఆ సిగ్నల్ తిరిగొచ్చి మన చుట్టూ నాలుగైదు వందల కిలోమీటర్లలో పడుతుంది. పొద్దున పూట హైదరాబాద్, బెంగళూరు వాళ్ళతో మాట్లాడుకోవడానికి కావాల్సింది అదే. కాబట్టి డైపోల్ కోసమని ఎత్తు పెంచే పని పెట్టుకోకండి.

ఇంకో లెక్క ఎత్తు కంటే ముఖ్యం. 20 మీటర్ల యాగీకి ఎలిమెంట్లు పదిన్నర మీటర్ల పొడవుంటాయి, అంటే 34 అడుగులు. మీ స్థలం వెడల్పు 30. తిప్పేటప్పుడు ఏదో ఒక కొన పక్కింటి మీదికి పోతుంది. పక్కింటాయనకి ఇప్పటికే అనుమానం ఉంది, ఇక మీ అల్యూమినియం పైపు వాళ్ళ మిద్దె మీద తిరుగుతుంటే ఊరుకుంటాడా? అందుకని హెక్స్‌బీమ్ వేయండి. గొడుగు తిరగేసినట్టు ఉండే యాంటెన్నా. కొస నుంచి కొసకి 22 అడుగులే, బరువు పది కిలోల చుట్టూ ఉంటుంది. 20 మీటర్ల నుంచి 10 మీటర్ల దాకా అయిదు బ్యాండ్లు ఒకే కేబుల్ మీద వస్తాయి. ఫైబర్ గ్లాస్ కర్రలు తెప్పించుకుంటే మిగతాది ఇంట్లోనే చేసుకోవచ్చు. మూడు ఎలిమెంట్ల యాగీ అంత గెయిన్ (ఒక వైపుకి సిగ్నల్ బలం పెంచే గుణం) రాదు, రెండు ఎలిమెంట్ల దానంత వస్తుంది. మీ స్థలానికి అది చాలు.

మాస్ట్ ఎట్లా కట్టాలో కాస్త నెమ్మదిగా చెప్తాను, ఇదే అసలు పని. రెండున్నర అంగుళాల బీ క్లాస్ (మధ్యరకం మందం) జీఐ పైపు 3 మీటర్ల ముక్క తీసుకోండి. దాన్ని మెట్ల గది గోడకి బయటివైపు నిలువుగా పట్టించండి. దాని లోపల రెండంగుళాల పైపు నాలుగున్నర మీటర్ల ముక్క జారుతుంది. సందు ఒక్కో పక్క నాలుగు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి పై అంచు దగ్గరా, కింద ఆనేచోటా బోల్టులతో బిగించుకోవాలి. లోపలి పైపుని ఒక మీటరు మాత్రం బయటి పైపులో ఉంచి, మిగతాది పైకి లేపి, రెండింటికీ కలిపి అడ్డంగా ఒక పిన్ను దూర్చితే మొత్తం ఆరున్నర మీటర్లు అయింది. దించాలంటే చిన్న వించ్ (తాడు చుట్టే చేతి చక్రం) తిప్పి పిన్ను తీసి లోపలి పైపుని అడుగుదాకా జార్చండి. అప్పుడు పైకొస మిద్దె నుంచి నాలుగున్నర మీటర్ల ఎత్తుకి వస్తుంది. మెట్ల గది కప్పు రెండున్నర మీటర్లు. ఆ కప్పు మీద నిలబడితే యాంటెన్నా తలకి కాస్త పైన, చేతికి అందుతుంది. ఎవరూ పైపు ఎక్కనక్కర్లేదు. నాకు తెలిసినంతలో మాస్ట్‌లో ఇంతకంటే విలువైన గుణం లేదు. అయితే ఆ కప్పుకి పిట్టగోడ ఉండదు, కాబట్టి స్లాబులో ఒక గట్టి ఉంగరం బిగించుకుని, ఫుల్ బాడీ హార్నెస్ వేసుకుని దానికి తగిలించుకున్నాకే పని మొదలుపెట్టండి. నడుముకి తాడు కట్టుకుని "ఏం కాదులే" అనడం వద్దు. ఒంటరిగా అసలే వద్దు.

గోడకి పట్టించేటప్పుడు ప్లాస్టిక్ ప్లగ్గులు, చిన్న ఫాస్టెనర్లు పనికిరావు. గోడకి ఆరపార రంధ్రం వేసి, లోపల ఒక ఇనప ప్లేటు, బయట ఒక ప్లేటు పెట్టి పొడవు బోల్టులతో గోడని మధ్యలో ఇరికించాలి. పైన ఒకటి, కింద ఒకటి. హార్నెస్ ఉంగరం మెట్ల గది కప్పుకే, మిద్దె స్లాబుకి మాత్రం డ్రిల్లు పెట్టకండి. ఎంత వాటర్ ప్రూఫింగ్ చేసినా రెండో వానాకాలానికి కింద బెడ్ రూములో మరక కనపడుతుంది. ఆ తర్వాత ఇంట్లో మీ మాట చెల్లదు.

ఇప్పుడు స్టే వైర్లు. "ఆరున్నర మీటర్లకి స్టేలు ఎందుకు, పైపు గట్టిదే గదా" అని మీ వెల్డరు అంటాడు. గంటకి 120 కిలోమీటర్ల గాలి ఒక చదరపు మీటరు మీద 68 కిలోల దాకా తోస్తుంది. హెక్స్‌బీమ్ గాలికి చూపే వైశాల్యం అటూ ఇటుగా అర చదరపు మీటరు, అంటే 34 కిలోలు, అదీ పైపు కొసన. పైపు మీద పడే గాలి వేరే. స్టేలు లేకుండా 6 మీటర్లు నిలబెట్టిన రెండంగుళాల బీ క్లాస్ పైపు ఆ లెక్కకే వంగిపోతుంది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు అవుతుంది. మనకి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో ఏదో ఒకటి లేస్తూనే ఉంటుంది. 2022 డిసెంబర్‌లో మాండౌస్ తుఫాను తీరం దాటింది మహాబలిపురం దగ్గర. దాటింది అక్కడే అయినా, ఆ రాత్రి మాస్ట్ ఉన్నవాళ్ళు ఇక్కడ నిద్రపోయారా?

స్టేల కొసలు కట్టడానికి మన ఊళ్ళలో ఒక సౌకర్యం ఉంది. పై అంతస్తు ఎప్పుడో కడతామని పిల్లర్ కమ్ములు మిద్దె మీద వదిలేసి ఉంటారు గదా, మీకూ ఉండే ఉంటాయి. వాటికి వెల్డింగ్ చేయించకండి. తుప్పు గీకి, చుట్టూ అడుగున్నర ఎత్తు కాంక్రీటు దిమ్మె పోయించి, అందులో జే బోల్టు పెట్టించండి. కమ్ములకి తుప్పు ఆగుతుంది, మీకు బిల్డింగ్ పిల్లరే ఆధారం అవుతుంది. మాస్ట్ ఎత్తులో 60 నుంచి 80 శాతం దూరంలో స్టే కొస ఉంటే బాగుంటుంది. మీ మిద్దెకి అది సరిపోతుంది. మూడు స్టేలు 120 డిగ్రీలకి కుదరకపోతే నాలుగు వేసుకోండి. నాలుగు మిల్లీమీటర్ల గాల్వనైజ్డ్ వైర్ రోప్ వాడండి. మలుపు దగ్గర థింబుల్ (తీగ నలగకుండా ఆపే లోహపు గాడి) వేసి, కొసకి మూడేసి యూ క్లాంపులు బిగించండి. యూ ఆకారపు కడ్డీ తోక (వదులు కొస) వైపు ఉండాలి, సాపు దిమ్మ బరువు మోసే తీగ వైపు ఉండాలి. సగం మంది దీన్ని తిరగేసి బిగిస్తారు. అప్పుడు కడ్డీ బరువు మోసే తీగనే నొక్కి నలిపేస్తుంది. టర్న్‌బకిల్ మరకి గ్రీజు పూసి, గాలికి దానంతటదే తిరక్కుండా దాని కళ్ళలోంచి ఒక తీగ దూర్చి ముడేయండి. వీణ తీగలా బిగించొద్దు. వేలితో మీటితే కాస్త ఊగాలి.

స్టే వైరుకి బట్టలు ఆరేయొద్దని ఇంట్లో ముందే చెప్పండి. నవ్వకండి, తడి దుప్పటి నాలుగు కిలోలుంటుంది, గాలికి తెరచాప అవుతుంది.

11 కేవీ లైను గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు మీ ప్రశ్న మొత్తంలో టెన్షన్ పెట్టింది అదే. మాస్ట్ ఎటు పడినా, దాని నిలువు పొడవూ యాంటెన్నా సగం వెడల్పూ కలిపి, ఇంకొంత దూరం మిగలాలి ఆ లైనుకి. మీది ఆరున్నర, పైన మూడున్నర, మొత్తం 10 మీటర్లు. మీ మెట్ల గది ఇంటి వెనకవైపు ఉంటేనే ఈ ప్లాన్. ముందువైపు ఉంటే నేను చెప్పిందంతా పక్కన పెట్టేయండి, వర్టికల్ ఒకటి వెనక పెరట్లో పెట్టుకుని హాయిగా ఉండండి. డైపోల్ తీగ కూడా ఆ లైను వైపు లాగకూడదు, దాని మీంచీ కిందనుంచీ అసలే పోకూడదు. తాడు నైలాన్‌దే గదా అనుకోవద్దు, తడిస్తే అదీ కరెంటు మోస్తుంది.

డైపోల్ మొత్తం పొడవు 143ని మెగాహెర్ట్జ్ లెక్కలో ఫ్రీక్వెన్సీతో భాగిస్తే మీటర్లలో వస్తుంది. 7.1కి 20 మీటర్లు, ఒక్కో రెక్క పది. మీ స్థలమే మూల నుంచి మూలకి 16 మీటర్లు కాబట్టి మాస్ట్ నుంచి రెండు పక్కలకీ వాలుగా దించాలి. అట్లా దించితే కొసలు మనిషి చేతికి అందే ఎత్తుకి వస్తాయి. ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు ఆ కొసల్లో వోల్టేజి బాగా ఎక్కువ, ముట్టుకుంటే చర్మం కాలుతుంది. మూలల్లో పీవీసీ పైపులు నిలబెట్టి చివరి రెండు మీటర్లు అడ్డంగా తిప్పుకోండి.

కోతులకి మందు లేదు. అలిపిరి, కపిలతీర్థం వైపున్న మిత్రులందరికీ ఈ అనుభవం ఉంది. డైపోల్ కనపడితే చాలు, ఊయల అనుకుంటాయి. తీగ గట్టిగా కట్టేకొద్దీ త్వరగా తెగుతుంది. ఒక కొసని పీవీసీ పైపు మీద చిన్న కప్పీలోంచి పోనిచ్చి, దానికి ఇసుక నింపిన డబ్బా వేలాడదీయండి. కోతి వేలాడితే డబ్బా పైకి లేస్తుంది, తీగ సాగి ఇస్తుంది. అది దూకేస్తే మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. నా తీగ ఇట్లాగే నిలిచింది. డబ్బా మూత మాత్రం రెండుసార్లు ఎత్తుకుపోయాయి.

పక్కింటాయన భయాన్ని కొట్టిపారేయకండి. ఎత్తు పెరిగితే పిడుగు పడే అవకాశం కొంత పెరుగుతుంది, కాదనను. పడితే ఎటు పోవాలో దారి చూపించడం మీ పని. మాస్ట్ నుంచి నేలదాకా 25 బై 3 జీఐ పట్టీ, వీలైనంత నేరుగా, మూలమలుపులు లేకుండా. కింద ఎర్త్ పిట్. దాన్ని ఇంటి మీటర్ బోర్డు ఎర్త్‌తో తప్పకుండా కలపాలి. చాలామంది రేడియోకి వేరే ఎర్త్ పెట్టి, అది ఇంటిదానికి తగలకపోతేనే మంచిదనుకుంటారు. విడివిడిగా ఉంటే పిడుగు పడిన క్షణంలో ఆ రెండింటి మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది. ఆ తేడా మీ రేడియోలోంచి, ఒక్కోసారి మీలోంచి సర్దుకుంటుంది. మన రాతి నేల ఎండాకాలం ఎండిపోతుంది, కాబట్టి వేసవిలో పిట్‌లో నీళ్ళు పోస్తుండండి. కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట గ్యాస్ ట్యూబ్ అరెస్టర్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజిని ఎర్త్ వైపు మళ్ళించేది) పెట్టి అదే ఎర్త్‌కి కలపండి. ఇంత చేసినా, ఏప్రిల్, మే ఉరుములకీ వానాకాలానికీ కేబుల్ ఊడదీసి కిటికీ బయట పెట్టి పడుకోండి. నేను ఇప్పటికీ అదే చేస్తాను. ఇదంతా పని మొదలుపెట్టకముందే ఆయన్ని పిలిచి, కాఫీ ఇచ్చి, మిద్దె మీదికి తీసుకెళ్ళి చూపించండి. పిడుగు పడితే మన పట్టీ మీదుగానే నేలలోకి పోతుందని ఆయన తన కళ్ళతో చూడాలి.

2 మీటర్ల వర్టికల్ సులువు. 145 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగపు కడ్డీ 49 సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది, ఇంట్లో చేసుకోవచ్చు. కడప వైపు ఆశ పెట్టుకోకండి, కొండ ఒప్పుకోదు. చెన్నై వైపు శేషాచలం అడ్డు లేదు కాబట్టి కాస్త నయం. అసలు విషయం కేబుల్. 7 మెగాహెర్ట్జ్‌కి ఆర్‌జీ 58 అనే సన్న కేబుల్ అయినా పర్వాలేదు. 145లో 25 మీటర్ల ఆర్‌జీ 58 వేస్తే రేడియో ఇచ్చిన పవర్‌లో మూడో వంతే పైకి చేరుతుంది. ఆర్‌జీ 213 అనే లావు కేబుల్ వేస్తే అరవై శాతం పైకి చేరుతుంది.

వేశాక ఏటా రెండుసార్లు దించి చూడండి. వానలకి ముందు సెప్టెంబర్‌లో ఒకసారి, అయిపోయాక జనవరిలో ఒకసారి. పైపుని చిన్న సుత్తితో తట్టుకుంటూ కిందికి రండి. ఖంగుమనాల్సిన చోట మొద్దుగా మోగితే లోపల తుప్పు ఉంది. పైపు పైకొసకి మూత ఉండాలి, అడుగున నీళ్ళు పోయే చిన్న రంధ్రం ఉండాలి. ఆ రంధ్రం లేకే ఎక్కువ పైపులు లోపల్నుంచి పోతాయి, బయట పెయింటు మెరుస్తూనే ఉంటుంది. తెల్ల కేబుల్ టైలు మన ఎండకి ఏడాది కూడా ఆగవు, నల్లవి వాడండి. కనెక్టర్లకి ముందు తనలో తాను అతుక్కునే రబ్బరు టేపు, దాని మీద మామూలు టేపు చుట్టండి. కేబుల్ ఇంట్లోకి దూరే ముందు కిందికి ఒక వంపు తిప్పండి, వాన నీరు అక్కడే కారిపోతుంది.

చివరిగా ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ (యాంటెన్నా నుంచి ఎంత పవర్ వెనక్కి వస్తోందో చూపేది) చేసే మోసం ఒకటి. కేబుల్‌లోకి నీరు దిగితే ఎస్‌డబ్ల్యూఆర్ చెడదు, బాగుపడినట్టు చూపిస్తుంది. పోయిన పవర్ పోయి, తిరిగొచ్చే పవర్ కూడా దారిలోనే ఇంకిపోతుంది కాబట్టి మీటర్‌కి ఏమీ తెలియదు. "నా ఎస్‌డబ్ల్యూఆర్ ఒకటికి ఒకటి, కానీ ఎవరికీ వినపడట్లేదు" అన్నవాళ్ళని చాలామందిని చూశాను. కేబుల్ పై కొసని యాంటెన్నా నుంచి ఊడదీసి, ఖాళీగా వదిలి, కింద యాంటెన్నాలు కొలిచే చిన్న పరికరం నానో వీఎన్‌ఏతో కొలవండి. రేడియోతో కొలవొద్దు, కాలిపోతుంది. మంచి కేబుల్ అయితే ఎస్‌డబ్ల్యూఆర్ చాలా ఎక్కువ చూపాలి. 2 చూపిందంటే ఒక్క దారికే దాదాపు 5 డీబీ పోతోంది, మూడింట రెండొంతుల పవర్ కేబుల్లోనే ఉండిపోతోంది. కొత్త కేబుల్ వేసిన రోజే ఈ కొలత ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకోండి. తర్వాత పోల్చడానికి అదొక్కటే ఆధారం.

రేణిగుంట, కరకంబాడి వైపు ఇల్లయితే విమానాశ్రయం చుట్టూ ఎత్తు పరిమితులుంటాయి, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ రంగుల మ్యాపులో చూసుకోండి. లైసెన్సులో ఉన్న చిరునామా ఈ ఇంటిదేనా అన్నది కూడా.

వెల్డరుకి అడ్వాన్సు ఇచ్చేశారా? ఇవ్వకపోతే ఆగండి. మీ మెట్ల గది గోడ తొమ్మిదంగుళాలా, నాలుగున్నరా? అది ఇంటికి ముందుందా, వెనకుందా? టేపు పెట్టి కొలిచి, ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. నాలుగున్నర అయితే ఈ మాస్ట్ ఆ గోడకి పట్టించడానికి లేదు, పిల్లర్ కమ్ముల దిమ్మె మీదే వేరేగా నిలబెట్టాలి. దానికి బేస్ వేరు, దించే పద్ధతీ వేరు. ఫోటో చూశాక చెప్తాను.